ఇరవై నాలుగు సిలిండర్లను తప్పుపట్టే ముందు

సంపాదకుల వారికి,

ఆర్యా! మీ ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన ఇంజిన్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. యుద్ధ విమానాల గురించి తెలుగులో రాసేవారు సాధారణంగా వేగం, బాంబుల బరువు, పైలట్ల సాహసం దగ్గరే ఆగిపోతారు. ఇంజిన్ మూత తెరిచి లోపల ఏముందో పాఠకుడికి చూపాలనుకున్న వ్యాసకర్త శ్రమను మెచ్చుకోవలసిందే. అయితే 24 సిలిండర్ల ఇంజిన్లన్నింటినీ ఒకే గాటన కట్టి, అవన్నీ రూపకర్తల అత్యాశకు పుట్టిన వింతలనీ, తక్కువ సిలిండర్ల సాదా ఇంజిన్లే యుద్ధాన్ని గెలిపించాయనీ తేల్చేయడం జరిగిన చరిత్రకు సరిపడదు. చాలాకాలం ఇంజినీరింగ్ విద్యార్థులకు అంతర్దహన యంత్రాల పాఠం చెప్పినవాడిగా కొన్ని సంగతులు మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ఇంజిన్లలో కొన్ని ఎందుకు నిలదొక్కుకున్నాయి, కొన్ని ఎందుకు మంటలపాలయ్యాయి అన్న ప్రశ్నకు జవాబు సిలిండర్ల లెక్కలో దొరకదు. దాన్ని కర్మాగారంలో గ్రైండింగ్ యంత్రం దగ్గర వెతకాలి. ‘ఇది కుదరకపోతే మన చేతిలో మరొకటి ఉందా’ అని అధికారులు ముందుగా అడిగారా లేదా అన్నచోట వెతకాలి.

అసలు అన్ని సిలిండర్లు ఎందుకు పెట్టారన్నది వ్యాసంలో లేదు. 1930ల చివర్లో పేరున్న యుద్ధ విమాన ఇంజిన్ల శక్తి దాదాపు 1,000 అశ్వశక్తి దగ్గర ఉండేది. బ్రిటన్‌లో రోల్స్ రాయిస్ మెర్లిన్, జర్మనీలో డైమ్లర్ బెంజ్ డీబీ 601 ఆ తరగతివే. వాయుసేనలేమో తర్వాతి తరం విమానాలకు 2,000 అశ్వశక్తి కావాలని కూర్చున్నాయి. ఉన్న సిలిండర్‌నే పెద్దది చేస్తే సరిపోదా అంటే సరిపోదు. గుండిగలో కాగిన నీళ్లు చెంబులో నీళ్లకన్నా ఎంతో ఆలస్యంగా చల్లారినట్టే, పెద్ద పిస్టన్‌లో పుట్టిన వేడి గోడలకు చేరి బయటికి పోవడానికి దారి పొడవవుతుంది. ఘనపరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు. పైగా మంట స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ అంచుకు చేరేలోపే అక్కడి ఇంధనం తనంతట తాను భగ్గుమని, ఇంజిన్‌వాళ్లు నాకింగ్ అనే దెబ్బ పిస్టన్ మీద పడుతుంది. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకి కిందికి కదిలే దూరం, పెంచి వేగంగా తిప్పుదామంటే పిస్టన్ వేగానికి హద్దు అడ్డు వస్తుంది. కాబట్టి మిగిలిన మార్గం ఒక్కటే, చిన్న సిలిండర్లు ఎక్కువ సంఖ్యలో పెట్టి వేగంగా తిప్పడం. అన్నీ ఒకే వరుసలో పేరిస్తే, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ పొడవు పెరిగి మెలితిరిగే కంపనాలు దాన్ని విరిచేస్తాయి. అందుకే వరుసలను రెట్టించి, ఒకదాని మీద ఒకటి ఎత్తి, నాలుగు దిక్కులకు విప్పి, రకరకాల ఆకారాలు తయారుచేశారు. చూసే కంటికి వింతగా కనిపించే ఆ రూపాల వెనుక ఉన్నది ఈ లెక్కే తప్ప ఎవరి మోజూ కాదు.

ఇంధనం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆక్టేన్ అంకె ఎంత ఎక్కువైతే ఆ ఇంధనం నాకింగ్‌ను అంతగా తట్టుకుంటుంది. బ్రిటిష్ వాయుసేనకు 1940 నాటికే 100 ఆక్టేన్ పెట్రోలు అందింది. జర్మన్ యుద్ధ విమానాల్లో చాలావాటికి అప్పటికి 87 ఆక్టేన్‌తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మంచి ఇంధనం ఉన్నవాడు సూపర్‌ఛార్జర్‌తో గాలిని మరింత దట్టించి అదే సిలిండర్ నుంచి ఎక్కువ శక్తి పిండుకుంటాడు. లేనివాడు సిలిండర్ల పరిమాణమే పెంచుకోవాలి. మెర్లిన్ 27 లీటర్లు, డీబీ 601 దాదాపు 34 లీటర్లు కావడానికి కొంత కారణం అదే.

ఇక వ్యాసకర్త రెండు వాక్యాల్లో కొట్టిపారేసిన నేపియర్ సేబర్ గురించి. ఫ్రాంక్ హాల్ఫోర్డ్ రూపొందించిన ఈ ఇంజిన్ 1938 జనవరిలో మొదటిసారి తిరిగింది. ఎదురెదురుగా పడుకోబెట్టిన 12 సిలిండర్ల ఇంజిన్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక క్రాంక్‌షాఫ్ట్, కింద ఒక క్రాంక్‌షాఫ్ట్ పెట్టి, ముందు గేర్లతో రెండింటినీ కలిపి ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పేలా చేశారు. ముందునుంచి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరాన్ని పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. మొత్తం ఘనపరిమాణం 36.7 లీటర్లే. అంటే ఒక్కో సిలిండర్ లీటరున్నర మాత్రమే. దాన్ని నిమిషానికి 3,700 చుట్ల దాకా తిప్పగలిగారు. ఆ కాలపు అంత పెద్ద విమాన ఇంజిన్‌కు అది సామాన్యమైన వేగం కాదు.

దాని అసలు ప్రత్యేకత వాల్వుల్లో ఉంది. మన మోటారు వాహనాల్లో మాదిరి పైకి కిందికి కదిలే వాల్వులు ఇందులో లేవు. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య పలుచని ఉక్కు గొట్టం, అంటే స్లీవ్, ఉంటుంది. అది పైకి కిందికి జరుగుతూనే కొంచెం కుడికీ ఎడమకూ తిరుగుతుంది. దాని మీద ఒక చుక్క పెట్టి చూస్తే ఆ చుక్క కోడిగుడ్డు ఆకారంలో గీత గీస్తుంది. ఆ కదలికలో స్లీవ్‌కు ఉన్న కిటికీలు సిలిండర్ గోడకు ఉన్న కిటికీలతో ఒకసారి కలుస్తాయి, మరోసారి తప్పుకుంటాయి. గాలి లోపలికి రావడం, పొగ బయటికి పోవడం అలా జరుగుతుంది. దహన గదిలో ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ వాల్వు లేదు కాబట్టి నాకింగ్ భయం తగ్గుతుంది. బ్రిటిష్ ఇంజిన్ నిపుణుడు హ్యారీ రికార్డో ఈ పద్ధతిని గట్టిగా సమర్థించాడు. బ్రిస్టల్ కంపెనీలో రాయ్ ఫెడెన్ బృందం ఏళ్ల తరబడి శ్రమపడి దీన్ని భారీ ఉత్పత్తికి తెచ్చింది.

చేతితో ఒక్కొక్కటిగా అమర్చిన సేబర్ ఇంజిన్లు పరీక్షల్లో బాగానే నెగ్గాయి. 1940 నాటికి 2,000 అశ్వశక్తి దాటాయి. అసలు తంటా వందల సంఖ్యలో తయారీ మొదలయ్యాక వచ్చింది. స్లీవ్ గుండ్రంగా ఉండాలి, వేడెక్కినా గుండ్రంగానే నిలవాలి. కంటికి కనిపించనంత వంకర ఉన్నా నూనె పొర తెగి, స్లీవ్ పట్టేసి, ఇంజిన్ గాలిలోనే ఆగిపోతుంది. 1941లో హాకర్ టైఫూన్ విమానాలు దళాలకు చేరినప్పుడు సేబర్‌ను దాదాపు 25 గంటలకోసారి విప్పి చూడవలసి వచ్చేదంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. చలి ఉదయాల్లో దాన్ని స్టార్ట్ చేయడమే ఒక పరీక్ష. తూటాలాంటి మందుగుండు కార్ట్రిడ్జ్ పేల్చి, ఆ వాయువు ఒత్తిడితో ఇంజిన్‌ను తిప్పాలి. నాలుగైదు కార్ట్రిడ్జ్‌లు వృథా అయితే ఆ సమయం, ఆ ఓపిక రెండూ పోయినట్టే.

ఈ ఇంజిన్‌ను రక్షించినది కొత్త సిద్ధాంతం కాదు. బ్రిస్టల్ కంపెనీ టారస్ అనే తన ఇంజిన్‌కు చేసే స్లీవ్ కొలత సేబర్ స్లీవ్ కొలతకు సరిపోతుంది. ఆ పద్ధతిలో చేసిన స్లీవ్‌లను సేబర్‌లో పెట్టి చూస్తే అవి నిలిచాయి. పోటీ కంపెనీ కష్టపడి సంపాదించుకున్న తయారీ రహస్యాన్ని ప్రభుత్వం జోక్యం చేసుకొని నేపియర్‌కు ఇప్పించింది. వాటిని గ్రైండ్ చేసే సెంటర్‌లెస్ యంత్రాలను అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ కోసం కేటాయించినవాటిలోనుంచి మళ్లించి ఓడల్లో తెప్పించారు. 1942 చివర నేపియర్ కంపెనీ యాజమాన్యమే ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ చేతికి మారింది. వీటన్నిటి తర్వాత అదే సేబర్ 1944 వేసవిలో టెంపెస్ట్ విమానాలను ఎగురవేసింది. లండన్ మీదికి దూసుకొచ్చిన వీ-1 ఎగిరే బాంబులను ఆ విమానాలు ఆరు వందలకు పైగా కూల్చాయి. యుద్ధం ముగిసే నాటికి చివరి రకాలు 3,000 అశ్వశక్తిని అందుకున్నాయి. దీన్ని వైఫల్యాల జాబితాలో వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇదే కాలంలో రోల్స్ రాయిస్ వల్చర్ కథ వేరే మలుపు తిరిగింది. 12 సిలిండర్ల పెరిగ్రీన్ ఇంజిన్లు రెండింటిని, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా, ఒకే క్రాంక్‌షాఫ్ట్‌కు తగిలించి ఎక్స్ ఆకారంలో చేసిన ఇంజిన్ ఇది. ఒక్కో క్రాంక్‌పిన్ మీద నాలుగు కనెక్టింగ్ రాడ్ల భారం పడుతుంది. ఒకటి ప్రధానమైనది, మిగతా మూడు దానికి తగిలించినవి. ఆ ఒక్క చోట బోల్టులు తెగడం, బేరింగులు చెడడం, రాడ్డు క్రాంక్‌కేసును చీల్చుకొని బయటికి రావడం పరిపాటి అయిపోయింది. ఈ ఇంజిన్లు రెండే ఉన్న ఆవ్రో మాంచెస్టర్ బాంబర్‌లో ఒకటి ఆగితే, నిండు బరువుతో ఉన్న విమానం రెండోదాని మీద ఎత్తు నిలుపుకోలేకపోయేది. ఎంతమంది యువకులు ఈ కారణంగా ఇంటికి తిరిగి రాలేదో తలచుకుంటే, ఇంజిన్ చరిత్రను సరదా కబుర్లుగా రాయడానికి చేయి రాదు.

అయినా బ్రిటన్ ఆ దెబ్బను తట్టుకుంది. కారణం, మెర్లిన్ చేతిలో ఉంది. ఆవ్రో రూపకర్త రాయ్ చాడ్విక్ మాంచెస్టర్ రెక్కను పొడిగించి రెండు వల్చర్ల స్థానంలో నాలుగు మెర్లిన్లు పెట్టించాడు. 1941 జనవరి 9న ఎగిరిన ఆ నమూనాయే లాంకాస్టర్ అయింది. యుద్ధం ముగిసేసరికి లాంకాస్టర్లు ఏడు వేలకు పైగా తయారయ్యాయి. రోల్స్ రాయిస్ వల్చర్‌ను పక్కనపెట్టి మెర్లిన్, గ్రిఫాన్‌ల మీదే దృష్టి పెట్టింది. హాకర్ కంపెనీలో సిడ్నీ కామ్ అయితే ఈ జాగ్రత్తను మొదటినుంచే పాటించాడు. ఒకే రకం విమానాన్ని వల్చర్‌తో టొర్నాడో అనీ, సేబర్‌తో టైఫూన్ అనీ రెండు పేర్లతో సమాంతరంగా రూపొందించాడు. టొర్నాడో పోయినా టైఫూన్ మిగిలింది. తర్వాత టెంపెస్ట్‌కూ అదే పద్ధతి. ఒక రకానికి సేబర్, మరో రకానికి బ్రిస్టల్ సెంటారస్. స్లీవ్ వాల్వులతో, గాలితో చల్లబడే 18 సిలిండర్ల సెంటారస్ అమర్చిన ఆ టెంపెస్ట్-2లే స్వాతంత్ర్యానంతరం భారత వాయుసేనలో పనిచేశాయి. 1947-48లో కాశ్మీర్ పోరులో పాల్గొన్నాయి. వ్యాసకర్త ఎక్కడో పరాయి దేశపు వింతగా వర్ణించిన స్లీవ్ వాల్వు ఇంజిన్లను మన వాయుసేన ఫిట్టర్లు కూడా విప్పి బిగించారు. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒక టెంపెస్ట్ ఇప్పటికీ ఉంది.

జర్మనీలో ఆ ‘మరొకటి’ లేకపోవడమే ప్రాణం మీదికి తెచ్చింది. హైంకెల్ 177 బాంబర్‌కు నాలుగు ఇంజిన్ల శక్తి కావాలి. కానీ అంత పెద్ద బాంబర్ కిందికి దూకి బాంబు వేయగలగాలని పైవారు పట్టుబట్టారు. నాలుగు ప్రొపెల్లర్లుంటే గాలి ప్రతిఘటన పెరుగుతుంది కాబట్టి, రెండేసి డీబీ 601 ఇంజిన్లను పక్కపక్కన చేర్చి, ముందు ఒకే గేరుపెట్టెతో ఒకే పెద్ద ప్రొపెల్లర్‌ను తిప్పేలా డీబీ 606 చేశారు. విడివిడిగా చూస్తే ఆ 12 సిలిండర్ల ఇంజిన్లు ఎంతో నమ్మకమైనవి. చిక్కంతా వాటిని కుదించి కూర్చిన చోట వచ్చింది. రెండింటి లోపలి వైపు సిలిండర్లు 12. వాటి పొగగొట్టాలు మధ్యలో ఒకేచోట చేరి విపరీతంగా కాగేవి. కింద మూతలో కారిన నూనె, పెట్రోలు మడుగు కట్టేవి. చుట్టూ తీగలు, పైపులు చెయ్యి దూరనంత ఇరుకుగా ఉండేవి. సరైన అగ్నినిరోధక గోడ కూడా లేదు. ఇంతకన్నా మంటకు ఏం కావాలి? 1942లో జర్మన్ వాయుసేన అధిపతి గోరింగే వీటిని అతుకుల ఇంజిన్లని మండిపడ్డాడు; దూకి బాంబు వేయాలన్న నియమాన్ని ఆ ఏడాదే ఎత్తేశారు. కానీ అప్పటికి జర్మనీ చేతిలో దాని స్థానంలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న మరో దూరశ్రేణి బాంబర్ లేదు. అవే విమానాలను వెయ్యికి పైగా తయారుచేస్తూ, మరమ్మతులు చేస్తూ గడిపారు. ఇక్కడ దోషం 24 అనే అంకెదా, లేక ఆ విమానాన్ని అడిగిన తీరుదా? నా దృష్టిలో రెండోదే. జర్మన్లు ఎంతో ఆశ పెట్టుకున్న యూమో 222 కూడా ఇలాగే ముగిసింది. చుట్టూ ఆరు వరుసలు, వరుసకు నాలుగు సిలిండర్లు, నీటితో చల్లబడే 2,500 అశ్వశక్తి ఇంజిన్ అది. ఒక తరం బాంబర్ల పథకమే దాని మీద ఆధారపడింది. ఇంజిన్ సిద్ధం కాలేదు, పథకం 1943లో రద్దయింది.

యుంకర్స్ వారి యూమో 205 డీజిల్ గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం వెలితిగా అనిపించింది. ఆరు సిలిండర్లలో 12 పిస్టన్లు, ఎదురెదురుగా కదిలేవి. పైనొక క్రాంక్‌షాఫ్ట్, కిందొక క్రాంక్‌షాఫ్ట్. సిలిండర్ హెడ్డు లేదు, వాల్వులు లేవు. సముద్రం మీద గంటల తరబడి ఒకే వేగంతో తిరిగే విమానాలకు అది చక్కగా పొదుపుగా పనిచేసింది. థ్రాటిల్‌ను క్షణక్షణం మార్చే పోరాటానికి మాత్రం నప్పలేదు.

ఇప్పుడు మన నేలకు నేరుగా సంబంధించిన భాగానికి వస్తాను. వ్యాసకర్త సాదా ఇంజిన్ల విజయానికి ఉదాహరణగా అమెరికన్ బి-29 బాంబర్‌ను చూపారు. దాని రైట్ ఆర్-3350 ఇంజిన్ 24 సిలిండర్లది కాదు నిజమే. అది 18 సిలిండర్లు రెండు వరుసల్లో అమర్చిన, గాలితో చల్లబడే, దాదాపు 55 లీటర్ల, 2,200 అశ్వశక్తి ఇంజిన్. కానీ మంటల చరిత్రలో అది హైంకెల్‌కు ఏమీ తీసిపోదు. 1943 ఫిబ్రవరి 18న రెండో నమూనా విమానం సియాటిల్‌లో ఇంజిన్ నిప్పంటుకొని ఒక మాంసం కర్మాగారం మీద కూలింది. పేరుమోసిన టెస్ట్ పైలట్ ఎడ్డీ అలెన్, ఆయనతో ఉన్నవారందరూ, కర్మాగారంలోని పలువురు కార్మికులు చనిపోయారు. వెనుక వరుస సిలిండర్లకు చాలినంత గాలి అందదు, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి, క్రాంక్‌కేసులో వాడిన మెగ్నీషియం లోహం ఒకసారి అంటుకుంటే ఆర్పడం దుర్లభం.

ఆ ఇంజిన్లతోనే ఆ విమానాలు 1944 ఏప్రిల్‌లో ఇండియాకు వచ్చాయి. దారిలో, కరాచీ పరిసరాల్లో, వరుసగా కొన్ని కూలడంతో మొత్తం దండును కొంతకాలం ఎగరకుండా నిలిపివేశారు. మన వేసవిని దృష్టిలో పెట్టుకొని చేసిన ఇంజిన్ కాదది. రన్‌వే మీద నిలబడి ఉండగానే సిలిండర్ హెడ్లు హద్దు దాటి వేడెక్కేవి. గాలిని మళ్లించే రేకులు మార్చి, వాల్వులకు నూనె చేరడానికి అదనపు గొట్టాలు వేసి కొంత ఉపశమనం సాధించారు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల చకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండి వంటిచోట్ల స్థావరాలు వెలిశాయి. దళ ప్రధాన కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో పెట్టారు. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన ఆ భవనంలోనే 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగాల వల్ల ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయని మీ పాఠకులకు తెలుసు. ఆర్-3350ల మోత వాళ్ల ఇళ్ల మీదుగా సాగింది. జూన్ 5న బ్యాంకాక్ మీద మొదటి దాడి, పది రోజులకు చైనాలోని చెంగ్డూ నుంచి జపాన్‌లోని యవాటా మీద దాడి ఈ దళాలే చేశాయి.

మరి ఆర్-3350 ఎందుకు బతికింది? అమెరికా దగ్గర డబ్బు, కర్మాగారాలు, విడిభాగాలు అపారం. కాలిపోయిన ఇంజిన్‌ను పీకి కొత్తది పెట్టుకుంటూ, ఒక్కొక్క లోపాన్నీ సరిదిద్దుకుంటూ పోగలిగింది. యుద్ధానంతరం అదే ఇంజిన్, ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే మూడు టర్బైన్లు అదనంగా చేర్చుకొని, ఎయిర్ ఇండియా సూపర్ కాన్‌స్టలేషన్లను నడిపింది. ఆ విమానాల్లో కొన్ని తర్వాత మన వాయుసేన సముద్ర గస్తీకి చేరాయి. తక్కువ సిలిండర్లున్నందుకు అది గెలవలేదు, వల్చర్ ఎక్కువ సిలిండర్లున్నందుకు ఓడలేదు. మెర్లిన్ విషయంలో వ్యాసకర్త చెప్పింది ఒప్పుకుంటాను. సిలిండర్ల సంఖ్య మార్చకుండా, ఇంధనం, సూపర్‌ఛార్జర్ మెరుగుపరచి 1,000 నుంచి 1,600 అశ్వశక్తి దాటించడం గొప్ప సంగతే. అయితే ఆ మెరుగుదలకు ఏళ్లు పట్టాయి, ఆ ఏళ్లలో ఏ ఇంజిన్ నెగ్గుతుందో ముందుగా చెప్పగలవాడెవడూ లేడు. 1938లో సేబర్, వల్చర్‌ల మీద డబ్బు పెట్టిన అధికారిని ఈనాడు అవివేకి అనడం తేలిక.

చివరిగా ఒక సవరణ. వ్యాసంతో పాటు వేసిన ఫొటో కింద, 28 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-4360ను హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానపు ఇంజిన్‌గా పేర్కొన్నారు. అది పొరపాటు. ఆ విమానం బి-29. దానికున్నవి పైన చెప్పిన 18 సిలిండర్ల ఆర్-3350లే. ఏడేసి సిలిండర్లు నాలుగు వరుసల్లో, వెనుకవాటికి గాలి తగిలేలా ఒకదానికొకటి కాస్త పక్కకు జరిపి, 71 లీటర్లకు పైగా ఘనపరిమాణంతో చేసిన ఆర్-4360 యుద్ధం తర్వాత బి-50, బి-36 బాంబర్లకు అమర్చారు. ఈ సవరణను వచ్చే ఆదివారం సంచికలో ప్రచురించగలరని, వీలైతే ఖరగ్‌పూర్ బి-29 స్థావరాల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం వేయించగలరని మనవి.

భవదీయుడు,
విశ్రాంత మెకానికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
కాకినాడ